కుక్క వద్దన్నది నేనే: నాలుగేళ్ళ తర్వాత నా సమీక్ష

ముందే చెప్పేస్తాను, మా ఇంట్లో కుక్క వద్దన్నది నేను. కావాలన్నది మా ఆయన, మా అమ్మాయి. వాళ్ళిద్దరూ ఒకవైపు, నేనొక్కదాన్నే ఇంకోవైపు. అయినా రెండేళ్ళు గట్టిగానే నిలబడ్డాను. ఇప్పుడు మా కుక్క చేగోడీ ఇంటికొచ్చి నాలుగేళ్ళు దాటింది కాబట్టి, అప్పట్లో నేను భయపడినవాటిలో ఏవి నిజమయ్యాయో రాద్దామనిపించింది. మీ ఇంట్లో కూడా ఈ గొడవ నడుస్తూ, వద్దంటున్నది మీరే అయితే, ఇది మీకే.

నాకు కుక్కలంటే భయం లేదు, అసహ్యమూ లేదు. నా బాధ వేరు. మేముండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు. ఆయనది పోర్టులో షిఫ్టు డ్యూటీ. అమ్మాయికి స్కూలు, ట్యూషను. తెచ్చేది వాళ్ళు, చాకిరీ చేసేది నేను అని నాకు ముందే అర్థమైపోయింది. అంతకుముందు చేపల అక్వేరియం తెచ్చినప్పుడు జరిగింది అదే కదా.

అందుకే ఒక మెలిక పెట్టాను. "ముందు కుక్క లేకుండా నెల రోజులు నడిచి చూపించండి. పొద్దున అయిదింటికి ఒకసారి, రాత్రి ఒకసారి. నైట్ డ్యూటీ చేసొచ్చినా సరే, వానొచ్చినా సరే" అన్నాను. ఆయన నవ్వారు. కానీ మర్నాడు లేచారు. మా అమ్మాయి ఆయన జేబులో ఒక పాత తాడు కూడా పెట్టి పంపింది. బీచ్ పక్కనున్న అప్పూఘర్ దాకా వెళ్ళి రావడం. "ఏటి సారూ, డాక్టరు గానీ నడవమన్నారేటి?" అని వాచ్‌మన్ రోజూ అడిగేవాడట. నెల తిరిగేసరికి క్యాలెండర్లో ఇరవై ఆరు టిక్కులు, నాలుగు సున్నాలు. ఆ నాలుగు రోజులూ నేను ఊళ్ళో లేను, టిక్కు పెట్టేసినా నాకు తెలిసేది కాదు. సున్నాలు చుట్టింది ఆయనే. అవి చూసే ఒప్పుకున్నాను.

అమ్మాయికి ల్యాబ్రడార్ కావాలి. నేను మాత్రం కొనేది లేదన్నాను. వైజాగ్ ఉక్కపోతలో, మే నెల మధ్యాహ్నం, మంచు ప్రాంతాల కుక్క హస్కీని పట్టుకుని తిరిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. చివరికి మా వీధి చివర పుట్టిన నాలుగు పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకున్నాం. తోక చుట్ట చుట్టుకుని ఉంటుంది, అందుకే చేగోడీ.

ఖర్చు సంగతి. పిల్ల ఊరికే వచ్చింది గానీ ఆ తర్వాతేదీ ఊరికే రాలేదు. ఆరెనిమిది వారాల వయసు నుంచి మూడు నాలుగు వారాలకొకసారి టీకాలు, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా, మళ్ళీ ఏటేటా. మధ్యలో పురుగుల మందు. ఇక తిండి. మిగిలిన కూరన్నం పెట్టేస్తే సరిపోతుందనుకున్నాం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషమని డాక్టరుగారు చెప్పాక ఆలోచిస్తే, మన వంటింట్లో అవి లేనిదేముంది? సాంబారు పనికిరాదు, పులుసు పనికిరాదు, పప్పు తాలింపు కూడా పనికిరాదు. రోజూ దానికి విడిగా ఒక గిన్నె పెట్టాల్సిందే: ఉప్పు లేకుండా ఉడికించిన చికెనూ అన్నమూ, ఒక క్యారెట్టు. ఉడికిన ఎముకలు పెట్టకూడదు. ఎంత లేదన్నా మాకు నెలకు మూడు వేలు అవుతుంది.

నేను అస్సలు ఊహించనిది పిడుదులు. సముద్రం పక్క ఊరు, గాలిలో ఎప్పుడూ తేమే, వీటికి పండగ. రెండో ఏడు వానాకాలంలో ఒకరోజు చేగోడీ అన్నం ముట్టలేదు. చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో పిడుదులు, ఒళ్ళు కాలిపోతోంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేసేద్దామన్నారు మా ఆయన. మనుషుల మాత్రలు వెయ్యొద్దని డాక్టరుగారు ఫోన్లోనే కసిరారు. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు. పెరుగన్నంలో కలిపితే మందు సరిగా పట్టదన్నారు, అందుకని ఇడ్లీ ముక్కలో దాచి పెట్టేదాన్ని. ఇడ్లీ తినేసి మాత్ర ఉమ్మేసేది. ఆ నెల నేను పడిన టెన్షన్ మా అమ్మాయి పరీక్షలకు కూడా పడలేదు.

బీచ్ దగ్గరుంటే కుక్కకు స్వర్గమే అనుకుంటారు. సగమే నిజం. ఉప్పునీళ్ళు తాగితే ఇంటికొచ్చి వాంతులు. ఒడ్డున పడున్న చేపలన్నీ నోట్లో పెట్టుకుంటుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి, ఇసుక తవ్వడమంటే కుక్కకు ప్రాణం. ఆ నెలల్లో జోడుగుళ్ళపాలెం బీచ్ వైపు వెళ్ళేటట్టయితే దయచేసి తాడు వదలకండి.

ఇంట్లో అందరికన్నా ముందు మారింది మా అత్తయ్యగారు అంటే నమ్మండి. ఆవిడ అమావాస్యకు భైరవవాక గుడికి వెళ్ళొచ్చే మనిషి. "గుళ్ళో ఉంటే భైరవుడి వాహనం, ఇంట్లో ఉంటే నాకు బిందెడు నీళ్ళ పని" అని మొదట్లో సణిగేవారు. ఇప్పుడు పూజగది గడప దాటనివ్వరు గానీ, గడప ఇవతల కూర్చోబెట్టుకుని దానికి ఊరి కబుర్లన్నీ చెబుతారు.

అపార్ట్‌మెంటులో మాత్రం ఒక ఏడాది నరకం చూశాం. లిఫ్టులో కుక్కలు వద్దని కాగితం అంటించారు. అలా నిషేధించడానికి సంఘాలకు అధికారం లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే ఇచ్చిన మార్గదర్శకాలు తీసుకెళ్ళి చూపించాం. చూపించాక కూడా కొందరు మొహాలు ముడుచుకున్నారు. అయితే మెట్ల మీద ఒకసారి అది చేసిన ఘనకార్యం మేం చూసుకోలేదు, ఆ మాట వాళ్ళు పట్టుకోవడంలో తప్పేం లేదు. అప్పట్నుంచి సంచీ లేకుండా గడప దిగం.

అసలు సంగతి, చాకిరీ. ఒప్పందం నిలిచిందా? ముప్పాతిక వంతు. పొద్దున నడక ఈ రోజుకీ ఆయనదే. సెకండ్ షిఫ్టు ఉన్న వారం రాత్రి నడక నా మీద పడింది. దాని మీద పెద్ద గొడవే అయ్యాక, ఆదివారం వంట ఆయనకు అప్పజెప్పాను. గిన్నె వండేది ఇప్పటికీ నేనే. అమ్మాయి చేసేది ముద్దు చెయ్యడం, ఫొటోలు తియ్యడం. "మీ కుక్కకి అమ్మ మీరే కదా" అని పక్కింటావిడ అంటుంటుంది. నేను దాని అమ్మను కాను, నన్ను నాకనివ్వను కూడా. కానీ రాత్రి నడకలో సముద్రం గాలికి అది ఆగి ముక్కు పైకెత్తితే, నేనూ ఆగుతాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో రాత్రి తొమ్మిదింటికి ఏ పనీ లేకుండా రోడ్డు మీద నిలబడింది లేదు నేను.

ఊరెళ్ళాలంటే ఇప్పటికీ తంటానే. రైల్లో అయితే ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు బోగీలో పెట్టాలి. కుక్క అనగానే టాక్సీవాళ్ళు రామంటారు. అందుకే మొన్న సంక్రాంతికి నేనూ అమ్మాయీ బొబ్బిలిలో మా పుట్టింటికి వెళ్ళాం, ఆయన ఇంట్లో ఉండిపోయారు. మూడు రోజులయ్యాక వచ్చి చూస్తే గోడ క్యాలెండర్లో మళ్ళీ టిక్కులు. రోజుకు రెండు. కనుమ నాటి రాత్రికి మాత్రం సున్నా.

"మరి ఎలాగ?" అన్నాను.

"నిద్రపట్టేసింది. బాల్కనీలో పోసింది. కడిగేశాను" అన్నారు.