మెడోస్ టేలర్ 'సీత' రీప్రింట్: నవల చదవండి, ఈ కాపీ మాత్రం కొనకండి

టైటిల్ చూసి రామాయణం అనుకునేరు, కాదు. ఫిలిప్ మెడోస్ టేలర్ 1872లో మూడు వాల్యూములుగా వేసిన ఇంగ్లీష్ నవల ఇది, 1857 తిరుగుబాటు టైమ్‌లో ఒక ఇంగ్లీష్ దొర దేశీ అమ్మాయిని పెళ్లి చేసుకునే కథ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికేవి ఎక్కువగా ప్రింట్ ఆన్ డిమాండ్ కాపీలే, అంటే మనం ఆర్డర్ పెట్టాక పాత లైబ్రరీ పుస్తకం స్కాన్‌ని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి అట్ట వేసి పంపేస్తారు. నాకొచ్చిన దాంట్లో (సెల్లర్ పేరు ఎందుకులెండి) పేపర్ మందంగానే ఉంది, బైండింగ్ కూడా పర్లేదు, కానీ కొన్ని పేజీలు వంకరగా స్కాన్ అయి కింది లైన్లు ఎగిరిపోయాయి, ఎప్పుడో ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు కూడా ప్రింట్‌లో వచ్చేశాయి. ముందుమాట లేదు, నోట్స్ లేవు, రచయిత ఎవరో రెండు ముక్కలు రాయడానికి కూడా ఓపిక లేదు వాళ్ళకి. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే ఈ నవలలో సగం సంగతి రచయిత ఇంట్లోనే ఉంది.

మన కోఠీ ఉమెన్స్ కాలేజీ బిల్డింగ్, అదే పాత రెసిడెన్సీ, దాన్ని కట్టించిన ఇంగ్లీష్ రెసిడెంట్ (నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్లి చేసుకున్న ఖైరున్నిసా కథ హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. ఆ ఖైరున్నిసాకి బాగా దగ్గరి స్నేహితురాలు ఫైజ్ బక్ష్ బేగం, ఈవిడ ఇంగ్లీష్ జనరల్ పామర్ భార్య. వాళ్ళబ్బాయే నిజాంకి అప్పులిచ్చిన పామర్ కంపెనీ విలియం పామర్. ఆయన కూతురు మేరీని పెళ్లి చేసుకున్నాడు మన టేలర్! నిజాం కొలువులో చేరి, సురపురం సంస్థానం వ్యవహారాలు ఏళ్ల తరబడి చూసిన మనిషి. అంటే దొరకీ దేశీ అమ్మాయికీ పెళ్లి అనేది ఆయనకి ఊహించి రాసుకున్న సబ్జెక్ట్ కాదు, అత్తగారింటి ముచ్చట. మేరీ 1844లో పోయింది, నవల ఆ తర్వాత 28 ఏళ్లకి వచ్చింది. ఇది తెలిసి చదివితే పుస్తకం ఒకలా ఉంటుంది, తెలీకుండా చదివితే ఇంకోలా.

కథలోకి వస్తే, సీత కంసాలి ఇంటి కోడలు, మొగుడిని అజ్రాయిల్ పాండే అనేవాడి గ్యాంగ్ చంపేస్తుంది, కేసు సిరిల్ బ్రాండన్ అనే ఇంగ్లీష్ మెజిస్ట్రేట్ దగ్గరికి వస్తుంది, ఈవిడ ధైర్యంగా సాక్ష్యం చెప్తుంది, అక్కడే ఆయన పడిపోతాడు. ఉంచుకోవడం కాదండోయ్, హిందూ పద్ధతిలో పెళ్లే చేసుకుంటాడు, అదీ ఒక విధవని. వితంతు వివాహాల చట్టం వచ్చింది 1856లో, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి పెళ్లి చేయించింది 1881లో, ఈ నవల 1872ది, ఒక్కసారి ఆలోచించండి. కాకపోతే ఆ పెళ్లి ఇంగ్లీష్ చట్టం ముందు చెల్లదు, తెల్లవాళ్ళ మధ్య గుసగుసలు మొదలవుతాయి, ఈ భాగం మాత్రం టేలర్ చాలా బాగా రాశాడు, ఆ మాటలన్నీ దగ్గర్నుంచి విన్నవాడిలా రాశాడు.

తర్వాతే నాకు మండింది. 1857 గొడవల్లో పాండే బ్రాండన్ మీదకి బల్లెం విసురుతాడు, సీత అడ్డం పడి చచ్చిపోతుంది, మన పాత సినిమాల్లో సెకండ్ హీరోయిన్ బుల్లెట్‌కి అడ్డం పడ్డట్టు. తర్వాత బ్రాండన్ గ్రేస్ మోస్టిన్ అనే ఇంగ్లీష్ అమ్మాయిని చేసుకుంటాడు. (150 ఏళ్ల పుస్తకానికి స్పాయిలర్ అలర్ట్ ఏంటిలే.) అంత ధైర్యంగా వాళ్ళ పెళ్లి చేసిన టేలర్ ఆ కాపురాన్ని పది కాలాలు నడపలేకపోయాడు, పిల్లల దాకా వెళ్తే వాళ్ళు ఏ సమాజంలో పెరగాలి, ఏ ఉద్యోగం చేయాలి అన్నది కూడా రాయాలి కదా. అలా పుట్టిన కొడుకులకి 1791లోనే ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగాలు మూసేసింది, పామర్ల ఇంటి అల్లుడికి ఆ సంగతి తెలీదంటే నేను నమ్మను.

కిప్లింగ్‌తో పోలిస్తే మాత్రం టేలర్ నయం. ఆయన కథ 'వితౌట్ బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ'లో హోల్డెన్ అనే ఇంగ్లీష్ దొర అమీరా అనే దేశీ అమ్మాయిని తల్లి దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంటాడు, పెళ్లి ఊసే లేదు, బిడ్డ జ్వరంతో పోతాడు, ఆమె కలరాతో పోతుంది, చివరికి ఇల్లు కూడా కూల్చేస్తారు. కథగా అది టేలర్ కంటే చాలా పై మెట్టు, నేను ఒప్పుకుంటా, ఏడిపిస్తుంది కూడా. ఇంకో కథ 'జార్జీ పోర్జీ'లో అయితే దొర బర్మా అమ్మాయిని 500 రూపాయలకి తెచ్చుకుని, ఆమె పొదుపు చేసి పెట్టిన డబ్బుతోనే ఇంగ్లండ్ వెళ్లి వేరే పెళ్లి చేసుకొస్తాడు. సీతకి కనీసం పుస్తెలు దక్కాయి, కోర్టులో నిలబడి మాట్లాడే సీన్ దక్కింది.

భాష విక్టోరియన్ భాష, వాక్యం మొదలెడితే ఎక్కడ ఆగుతుందో తెలీదు (నేను కూడా అలాగే రాస్తున్నా అనుకోండి), వర్ణనలు విసుగొస్తే కొన్ని పేజీలు తిప్పేయండి, కథేం పోదు. నవలకి మూడున్నర స్టార్లు, ఈ కాపీకి ఒకటి. కొనాలనే అనుకుంటే మూడు వాల్యూములూ ఉన్నాయో లేదో పేజీల సంఖ్య చూసి ఆర్డర్ పెట్టండి, కొందరు మొదటి వాల్యూమ్ ఒక్కటే పెట్టి పూర్తి పుస్తకం రేటు వేస్తున్నారు. ట్యాబ్‌లో చదవగలిగితే అదీ అక్కర్లేదు, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగానే వెతుక్కోవచ్చు.