నల్లులు పట్టిన పోర్షన్: ఖాళీ చేయించడమా, బాగు చేయించడమా? ఏది మేలు?

హైదరాబాద్‌లో మా ఇంట్లో మూడు పోర్షన్లు అద్దెకిచ్చాం. వెనక పోర్షన్‌లో డెబ్బై దాటిన మామ్మగారు ఒంటరిగా ఉంటారు. మోకాళ్ళ నొప్పులు, ఆయాసం. పోయిన వేసవిలో పక్క పోర్షన్ అమ్మాయి వచ్చి, "అన్నయ్యా, బాబు ఒంటినిండా దద్దుర్లు. మామ్మగారి ఇంట్లోంచి నల్లులు వస్తున్నాయి. ఆవిడను ఖాళీ చేయించండి, లేకపోతే మేమే వెళ్ళిపోతాం" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడను పంపించేయాలా, ఆవిడ గదికి మాత్రం మందు కొట్టించాలా, ఇల్లంతా ఒకేసారి బాగు చేయించాలా? ఇదే టెన్షన్‌లో ఉన్న ఓనర్లు చాలామంది ఉంటారని ఇది రాస్తున్నాను.

ముందు ఖాళీ చేయించడం సంగతి. పైకి తేలికగా కనిపించేది ఇదే. కానీ నల్లి పేనులా మనిషినే అంటిపెట్టుకుని ఉండదు. మంచం కీళ్ళలో, గోడ పగుళ్ళలో, స్విచ్ బోర్డు వెనక దాక్కుని రాత్రి బయటికొస్తుంది. మనిషి వెళ్ళిపోతే కొన్ని ఆవిడ మూటలతో పాటు కొత్త ఇంటికి చేరతాయి, మిగిలినవి ఇక్కడే ఉంటాయి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతకగలవు. గది ఖాళీ అయితే ఆకలితో పక్క పోర్షన్‌కే పాకుతాయి. అంటే ఏ పసివాడి కోసం ఖాళీ చేయించాలనుకున్నామో వాడికే మళ్ళీ బాధ.

చట్టం కూడా అంత తేలిక కాదు. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ వెళ్ళకపోతే కోర్టుకు పోవాలే తప్ప, తాళం వేయడం, కరెంటు తీసేయడం, సామాన్లు వీధిలో పెట్టడం కుదరదు. అలా బలవంతంగా వెళ్ళగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అద్దెకున్నవాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి దక్కించుకోవచ్చు. తక్కువ అద్దెల పాత ఇళ్ళకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఖాళీ చేయించడానికి కారణాలు విడిగా ఉన్నాయి. పక్కవాళ్ళకు ఇబ్బంది కలిగించే నడవడిక అందులో ఒకటి. నల్లులు పట్టడం ఆవిడ నడవడిక ఎలా అవుతుంది? నల్లి కుడితే మంచానికి దెబ్బలు పడ్డట్టే ఉంటుంది.

నన్ను అసలు కదిలించింది మాత్రం ఆవిడ మాట. "నాలుగు నెలల నుంచి తెలుసు బాబూ. చెబితే ఖాళీ చేయమంటారని భయపడ్డాను." ఒంటరి ముసలివాళ్ళకు ఇల్లు ఇవ్వడానికి మనలో ఎంతమంది ముందుకొస్తాం? ఆ భయమే నాలుగు నెలల పాటు నల్లులను పెంచింది. మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఒక మంచంతో పోయేది.

ఇక ఆవిడ గదికి మాత్రం మందు. ఖర్చు తక్కువే, కానీ మా ఇంట్లోలా గోడలు కలిసి ఉంటే ఇది సగం పనే. మందు తగలని నల్లులు గోడ పగుళ్ళలోంచి అవతలికి జారుకుంటాయి. మామూలుగా వాడే మందులకు చాలా చోట్ల అవి అలవాటు పడిపోయాయి. గుడ్ల మీద చాలా మందులు సరిగ్గా పనిచేయవు, వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి. అందుకే రెండు వారాలకు రెండోసారి కొట్టాల్సిందే.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మందు కొట్టేవాళ్ళు ముందురోజు చెప్పే పనులు చూడండి: బీరువా ఖాళీ చేయాలి, మంచం గోడకు దూరంగా జరపాలి, బట్టలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. మోకాళ్ళు వంగని మనిషి ఇవి ఎలా చేస్తుంది? చేయలేకపోతే మందు వృథా. తర్వాత మనమే "మందు కొట్టించాం, ఆవిడే శుభ్రంగా ఉండట్లేదు" అంటాం. శుభ్రంగా ఉన్న ఇంటికీ నల్లులు వస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెచ్చి గదిలో పెట్టి తలుపు వేసేవాళ్ళున్నారు. వాటి నుంచి వచ్చే వాయువు పక్క గదిలో నిద్రపోతున్నవాళ్ళనూ చంపేస్తుంది. ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోకండి.

మేము ఇల్లంతా చేయించాం. మూడు పోర్షన్లకూ ఒకేరోజు మందు, పద్నాలుగో రోజున మళ్ళీ. ఆయాసం ఉంది కాబట్టి రెండుసార్లూ మామ్మగారిని రెండేసి రోజులు మా ముందుగదిలో ఉంచాం, ఉతికిన బట్టలతోనే. బీరువా నేనూ, పక్క పోర్షన్ తమ్ముడూ జరిపాం. ట్రంకుపెట్టె మాత్రం ఆవిడే తెరిచారు. అందులో ఆవిడ భర్తగారి పంచెలున్నాయి, మేం ముట్టుకోలేదు. ఆవిడే ఒక్కొక్కటీ తీసి వేడినీళ్ళ బకెట్‌లో వేశారు. 50 డిగ్రీల పైన కాసేపు ఉంచితే నల్లీ గుడ్డూ రెండూ చస్తాయి. మంచం కీళ్ళలో మరిగే నీళ్ళు పోశాం, గోడ పగుళ్ళకు పుట్టీ పెట్టించాం. దూది పరుపు మాత్రం పారేశాం. ఎండలో వేసినా లోపలి దాకా వేడి దిగదు.

ఇల్లంతటి ఖర్చు, కొత్త పరుపుతో సహా, ఆవిడ రెండు నెలల అద్దె కంటే కాస్త ఎక్కువైంది. ఖాళీ చేయించి ఉంటే పోర్షన్ ఎలాగూ రెండు నెలలు ఖాళీగా ఉండేది, మందు ఖర్చూ తప్పేది కాదు. అడ్వాన్సులోంచి నేను రూపాయి కూడా కోయలేదు. కోస్తే ఈసారి ఇంకెవరో దాచిపెడతారు. నల్లులు జబ్బులు అంటిస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదని డాక్టర్ చెప్పాక పక్క పోర్షన్ అమ్మాయీ కుదుటపడింది.

ఎన్నిసార్లు అడిగినా మందుకు తలుపు తీయనివాళ్ళుంటే ఏం చేయాలి? అప్పుడు వాళ్ళ పిల్లలతోనో, వాళ్ళు నమ్మే మనిషితోనో మాట్లాడించాలి. నోటీసు దాని తర్వాతే.

ఇప్పుడు నెలకోసారి టార్చ్ పట్టుకుని పరుపుల అంచులు చూస్తున్నాం. మొన్న పొద్దున్నే మామ్మగారు మెట్ల దగ్గరి నుంచి పిలిచారు: "బాబూ, స్విచ్ బోర్డు పక్కన ఏదో పాకింది, ఒకసారి వచ్చి చూడు." వెళ్ళి చూస్తే బొద్దింక పిల్ల.