జాగ్రత్త: పాత సిల్వర్ షాడోకి అడ్వాన్స్ ఇచ్చే ముందు బ్రేక్ పెడల్ తొక్కి లెక్కపెట్టండి

రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో గానీ, అదే బండికి బెంట్లీ గ్రిల్ తగిలించిన టీ సిరీస్ గానీ కొనాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది. 1965 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈ బండ్లు ఇప్పుడు ఒక్కోసారి మామూలు కొత్త కారు ధరకే దొరుకుతున్నాయి. దెబ్బతిన్నవాళ్లందరి అనుభవం ఇంచుమించు ఒకటే. పెయింటు అద్దంలా ఉంది, లెదర్ మెత్తగా ఉంది, ఇంజన్ నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంది, కొనేశారు. రెండు మూడు నెలలకి డ్యాష్‌బోర్డు మీద బ్రేక్ హెచ్చరిక లైటు వెలిగింది. ర్యాంప్ ఎక్కించి చూస్తే కింద తుప్పు బయటపడింది. రిపేరు అంచనా బండి ధరని దాటిపోయింది. పైన పటారం, లోన లొటారం.

అమ్మేవాడు ప్రతిసారీ అబద్ధమే చెబుతాడని కాదు. ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసి తుడిచి పెట్టేవాడికి తన బండి లోపల ఏముందో తనకే తెలియదు. కాబట్టి ఆయన మాట మీద ఆధారపడకుండా మీరే చూసుకోవాలి.

ముందు బ్రేకులు. వీటి బ్రేకులు మామూలు కారు బ్రేకుల్లా ప్రధానంగా మీ కాలి బలంతో పనిచేయవు. సిట్రోయెన్ దగ్గర లైసెన్స్ తీసుకుని పెట్టిన హైడ్రాలిక్ సిస్టమ్ ఇది. ఇంజన్ కామ్‌షాఫ్ట్ నడిపే రెండు పంపులు ఫ్లూయిడ్‌ని 2500 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) దాకా తోసి, నైట్రోజన్ నింపిన రెండు అక్యుమ్యులేటర్లలో నిలవ పెడతాయి. బ్రేకులకీ, బండి వెనక ఎత్తుని సరిచేసే లెవెలింగ్‌కీ ప్రెజర్ అక్కడినుంచే వస్తుంది. అక్యుమ్యులేటర్ లోపలి రబ్బరు పొర పాడైనా, గ్యాస్ కారిపోయినా నిలవ ప్రెజర్ ఉండదు. ఇంజన్ నడుస్తున్నంతసేపు పంపు నెట్టుకొస్తుంది కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో ఏ తేడా కనిపించదు. అసలు ఇబ్బంది ఇదే: బండి బాగా ఆగుతోందన్నంత మాత్రాన సిస్టమ్ బాగున్నట్టు కాదు.

పరీక్ష ఇలా చేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. ఆపేసి, మళ్లీ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. ఇప్పుడు బ్రేక్ పెడల్‌ని నిదానంగా, పూర్తిగా తొక్కి వదులుతూ లెక్కపెట్టండి. బ్రేక్ ప్రెజర్ లైట్లు రెండు ఉంటాయి, పంపు, అక్యుమ్యులేటర్ కలిసిన ఒక్కో సిస్టమ్‌కి ఒకటి. ఏది ఎన్నో తొక్కుకి వెలిగిందో కాగితం మీద రాసుకోండి. అక్యుమ్యులేటర్లు కొత్తగా బాగుచేసినవైతే లెక్క 50 దాటినా ఆశ్చర్యం లేదు. 20, 30 మధ్య వస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ ఆ ఖర్చు ఇప్పుడే ధరలోంచి తగ్గించుకోండి. పది లోపే వెలిగిందంటే గ్యాస్ పోయినట్టే. మూడో తొక్కుకే వెలిగిన బండిని అక్కడినుంచి నడుపుకుంటూ తీసుకెళ్లాలనే ఆలోచనే వద్దు.

ఎనభై సార్లు తొక్కినా లైటు వెలగకపోతే సంబరపడకండి. బల్బు మాడిపోయిందో, ఎవరైనా పీకేశారో ముందు తేల్చుకోండి. లైట్లు రెండూ వెలిగేదాకా తొక్కి ప్రెజర్ ఖాళీ చేశాక మళ్లీ ఇంజన్ స్టార్ట్ చేయండి. రెండూ నిమిషం లోపే ఆరిపోవాలి. ఒకటి ఆరి రెండోది మొండికేస్తే ఆ వైపు పంపునో అక్యుమ్యులేటర్‌నో అనుమానించాలి.

తర్వాత ఫ్లూయిడ్. షాడోకి వేయాల్సింది ఆర్‌ఆర్363, అంటే బ్రేక్ ఫ్లూయిడ్ జాతిదే. 1980లో సిల్వర్ స్పిరిట్ వచ్చాక మాత్రం ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌కి మారారు. తెలియని మెకానిక్ ఎవరో "రోల్స్ రాయిసే కదా" అని షాడోలో మినరల్ ఆయిల్ పోశాడంటే సిస్టమ్‌లో ఉన్న ప్రతి రబ్బరు సీలూ ఉబ్బి పాడవుతుంది. అప్పుడు పంపుల నుంచి, చక్రాల దగ్గర బ్రేక్ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ల దాకా అన్నీ విప్పి సీళ్లు మార్చాలి. రిజర్వాయర్ మూత తీసి రంగు చూడండి. షాడోలో ఆకుపచ్చ కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. లేత తేనె రంగులో ఉంటే మంచిది. నల్లగా, మడ్డిగా ఉంటే ఏళ్ల తరబడి మార్చలేదని అర్థం. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ నీరే క్యాలిపర్లని, వాల్వులని లోపల్నుంచి తినేస్తుంది. రబ్బరు హోస్‌లు ఎప్పుడు మార్చారో బిల్లుతో చూపించమనండి. "బ్రేకులన్నీ కొత్తవే వేయించాం" అంటే చాలామంది విషయంలో అది ప్యాడ్ల మాటే.

ఇక తుప్పు. రోల్స్ రాయిస్‌లో విడిగా ఛాసిస్ లేకుండా, బాడీయే బరువు మోసేలా కట్టిన మొదటి కారు షాడో. కాబట్టి సిల్స్‌లో, అంటే డోర్ల కింద పొడవునా ఉండే బాడీ భాగంలో, తుప్పు పట్టిందంటే అది అందం సమస్య కాదు, బండి వెన్నెముక సమస్య. పాత బండ్లు కొనేవాళ్లు పుట్టీ కనిపెట్టడానికి అయస్కాంతం తీసుకెళ్తారు కదా, ఇక్కడ అది మిమ్మల్ని రెండు రకాలుగా పక్కదారి పట్టిస్తుంది. షాడో డోర్లు, బోనెట్, డిక్కీ మూత అల్యూమినియం. వాటికి అయస్కాంతం అంటుకోకపోతే పుట్టీ కాదు, కంగారుపడకండి. మిగతా బాడీ స్టీలు. వెనక వీల్ ఆర్చ్ అంచునో, ముందు ఫెండర్ కింది భాగాన్నో, సిల్‌నో అయస్కాంతం పట్టుకోలేదంటే అక్కడ పుట్టీ ఉంది, పుట్టీ వెనక కన్నం ఉంది. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టండి, పెయింటు మీద గీత పడితే ఆ గొడవ మీకెందుకు?

చక్రాల ఆర్చ్‌ల లోపలి అంచుని వేలితో తడమండి. అక్కడ మట్టి పేరుకుని తడి ఆరదు. బండిని ర్యాంప్ ఎక్కించకుండా బేరం మాట్లాడకండి. జాకీ పాయింట్లు, వెనక సస్పెన్షన్ ఆర్మ్‌లు బాడీకి పట్టుకునే చోటు, సబ్‌ఫ్రేమ్ మౌంటింగ్‌లు టార్చ్ వేసి చూడండి. అడుగంతా కొత్తగా, మందంగా, నల్లటి అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత) పూసి ఉంటే అది మంచి గుర్తు కాదు. అమ్మకానికి నెల ముందు పూసిందైతే కింద ఏదో కప్పిపెట్టారనే అనుకోండి. డిక్కీలో కార్పెట్ ఎత్తండి. బ్యాటరీ ఉండేది అక్కడే, యాసిడ్ కారిన చోట నేల జల్లెడయి ఉంటుంది. వినైల్ రూఫ్ ఉన్న బండైతే వెనక అద్దం చుట్టూ అరచేత్తో రాయండి. వినైల్ కింద బుడగల్లా తగిలితే లోపల స్టీలు పొరలు పొరలుగా లేస్తోందని అర్థం. మెరిసే క్రోమ్ బంపర్ల దగ్గర ఫొటోలు తరవాత దిగొచ్చు, ముందు మోకాళ్ల మీద కూర్చోండి.

ఇంజన్ గురించి జనానికి అతి నమ్మకం. 1970 దాకా 6230 సీసీ, తర్వాత 6750 సీసీ ఉన్న ఈ వీ8 గట్టిదే. కానీ బ్లాక్ అల్యూమినియం, అందులో లైనర్లు, అంటే సిలిండర్ల గొట్టాలు, విడిగా కూర్చోబెట్టినవి, వాటి చుట్టూ నేరుగా కూలెంట్ తిరుగుతుంది. యాంటీఫ్రీజ్ మార్చకుండా ఉత్త నీళ్లతో నడిపిన బండిలో ఆ నీళ్లు అల్యూమినియాన్ని తినేసి, మడ్డి లైనర్ల చుట్టూ పేరుకుంటుంది. వెనక సిలిండర్లు వేడెక్కుతాయి. ముందుండే గేజ్ మాత్రం మామూలుగానే చూపిస్తుంది. లైనర్ అడుగున ఉండే సీళ్లు పోతే ఆ సంగతి తెలియడానికని బ్లాక్ పక్కల్లో చిన్న రంధ్రాలు పెట్టారు. కింద నుంచి టార్చ్, చిన్న అద్దం పట్టుకుని వాటిని వెతకండి. వాటినుంచి కూలెంట్ చార, తెల్లటి ఉప్పులాంటి మరక, ఆయిల్ జిడ్డు ఏది కనిపించినా ఇంజన్ దించి లైనర్లు పీకే పని ఉంది. ఆ రంధ్రాలని సీలెంట్‌తో మూసేసిన బండ్లు కూడా ఉంటాయి. అలా మూసి ఉంటే ఇక మాట్లాడేదేం లేదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయిస్తానని ముందే ఫోన్‌లో చెప్పండి. మీరు వెళ్లేసరికి బోనెట్ వెచ్చగా ఉంటే, ఏం దాచడానికి ముందే తిప్పారో అడగండి. వాల్వులని కదిలించే ట్యాపెట్ల టకటక కొన్ని సెకన్లలో తగ్గిపోవాలి. వేడెక్కాక కూడా కొట్టుకుంటుంటే మంచిది కాదు. బండిని నిలబెట్టి ఇంజన్ ఇరవై నిమిషాలు నడిపి టెంపరేచర్ చూడండి. డ్యాష్‌బోర్డు మీద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే పెట్రోల్ గేజే ఇంజన్ అడుగున ఉండే సంప్‌లో ఆయిల్ ఎంతుందో చూపిస్తుంది. ముచ్చటైన ఏర్పాటే, అయినా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు కూడా చూడండి.

గేర్‌బాక్స్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు. గేర్ లీవర్ మాత్రం కేబుల్‌తో కాదు, ఎలక్ట్రిక్ మోటార్‌తో పనిచేస్తుంది. పీ నుంచి అన్నిట్లోకీ పదిసార్లు మార్చి చూడండి, ఒక్కసారి తడబడినా రాసుకోండి. ఏసీ పని చేయకపోతే "గ్యాస్ నింపితే చాలు" అనే మాట నమ్మకండి. ఇది ఆర్12 అనే పాత ఏసీ గ్యాస్ కాలం నాటి ఏసీ. లెదర్, వుడ్ వెనీర్ చూడటానికి బాగుంటాయి, పాడైతే ఖర్చు వాచిపోతుంది, కానీ బండి కొనాలా వద్దా అని తేల్చేవి అవి కావు.

కాగితాల్లో రెండు సంగతులు. మొదటిది ఛాసిస్ నంబర్. ఎస్‌ఆర్‌హెచ్ అంటే మామూలు సెడాన్, రోల్స్ రాయిస్, కుడి స్టీరింగ్. ఎస్‌ఆర్‌ఎక్స్ అంటే ఎడమ స్టీరింగ్. రెండో అక్షరం బి అయితే బెంట్లీ. 1977లో వచ్చిన షాడో 2 నంబర్లు 30001 నుంచి మొదలవుతాయి. దానికి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. పాత షాడోకి కొత్త బంపర్లు తగిలించి షాడో 2 అని అమ్మజూస్తే నంబరే పట్టిచ్చేస్తుంది. రెండోది బ్రిటన్ నుంచి వచ్చిన బండ్ల ఎంఓటీ, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే ఏటేటా తనిఖీ. 2018 మే నుంచి గ్రేట్ బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండ్లకి ఎంఓటీ తప్పనిసరి కాదు. షాడోలన్నిటికీ ఆ వయసు వచ్చేసింది. "చట్టప్రకారం అక్కర్లేదు" అన్నది నిజమే, అంటే చాలా ఏళ్లుగా కింద నుంచి ఎవరూ చూడలేదన్నది కూడా నిజం కావచ్చు. పాత ఎంఓటీ రికార్డు ప్రభుత్వ సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ కొడితే ఉచితంగా వస్తుంది. ఫెయిలైన కారణాలు, ఆనాటికి బండి తిరిగిన మైళ్లు, అన్నీ వరసగా ఉంటాయి. "సిల్ తుప్పు" అని ఒక ఏడాది రాసి, మరుసటి నెలే పాసయి ఉంటే ఆ వెల్డింగ్ బిల్లు అడగండి. పెళ్లిళ్లకి అద్దెకి తిప్పిన బండ్లని తెల్లరంగు వేసి అమ్మేస్తుంటారు. డిక్కీ కీళ్ల లోపల, కార్పెట్ల కింద అసలు రంగు ఇంకా ఉంటుంది.

ఇవన్నీ దాటి కొన్నా, ఇంటికి ట్రెయిలర్ మీదే తెచ్చుకోండి. ఫ్లూయిడ్ మార్చి, హోస్‌ల వయసు తేలాకే రోడ్డెక్కించండి. పైపులు విప్పే ముందు, ఇంజన్ ఆపి లైట్లు రెండూ వెలిగాక కూడా పెడల్ తొక్కుతూ ప్రెజర్ మొత్తం ఖాళీ చేసి, ఆ తర్వాత బ్లీడ్ స్క్రూల దగ్గర మిగిలింది వదిలించమని మెకానిక్‌కి చెప్పండి. 2500 పీఎస్‌ఐ దగ్గర వదులైన నట్టులోంచి చిమ్మే ఫ్లూయిడ్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.