గుల్మార్గ్ మంచుకు ఏ జాకెట్? సాఫ్ట్‌షెల్, హార్డ్‌షెల్ పోలిక

జనవరి మధ్యాహ్నం కూడా ఫ్యాను తిరిగే విజయవాడలో మంచు జాకెట్ కోసం వెతికితే చూసేవాళ్లు నవ్వుతారు. బీసెంట్ రోడ్డులో స్వెట్టర్లు దొరుకుతాయి గానీ, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్‌కు, అంటే మంచు వాలు మీద జారే ఆటకు, అవొక్కటే చాలవు. అల్లిక సందుల్లోంచి గాలి దూరిపోతుంది.

సాఫ్ట్‌షెల్‌ది సాగే గుణమున్న దట్టమైన నేత. నడుము వంచినా, చేయి ఎత్తినా ఒంటితోపాటే కదులుతుంది. చాలా రకాల్లో లోపల పల్చటి ఫ్లీస్ (వెచ్చటి నూగు బట్ట) కూడా ఉంటుంది. దీని అసలు గొప్పతనం చెమట దగ్గర తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పడుతూ లేస్తూ, వాలు ఎక్కుతూ కాసేపటికే చెమటతో తడిసిపోతారు. ఆ ఆవిరి బయటికి పోకపోతే, ఆగి నిలబడగానే అదే చల్లబడి వణికిస్తుంది. ఉక్కపోతలో పెరిగిన మనకు చెమట బాధ వేరే చెప్పాలా! అయితే నీటిని ఆపేది చాలావరకు పైపూతే. పొడి మంచు దులిపితే రాలిపోతుంది, తడి మంచులో కూర్చుంటే మాత్రం బట్ట నానుతుంది.

హార్డ్‌షెల్‌లో నీరు చొరనివ్వని పొర, కుట్ల మీద టేపు ఉంటాయి. వానకూ ఈదురుగాలికీ అదే గట్టిది. కానీ బిరుసు, కదిలితే గరగర, ధర కూడా ఎక్కువే. పైగా దానంతట అది వెచ్చదనం ఇవ్వదు.

గుల్మార్గ్ దిగువ వాలుల్లో, ఎండ కాసే రోజున నా ఓటు సాఫ్ట్‌షెల్‌కే, లోపల థర్మల్ తొడుక్కుంటే చాలు. గొండోలాలో (కేబుల్ కారులో) 3,900 మీటర్ల పైకి వెళ్లేవాళ్లకు మాత్రం హార్డ్‌షెల్ తప్పదు. ఏది కొన్నా, ఉతికేటప్పుడు సువాసన కోసం ఫ్యాబ్రిక్ కండిషనర్ పోయకండి, పైపూత పాడవుతుంది.