ఒకే మంచం చుట్టూ నాలుగు కోర్సుల విద్యార్థులు: రెండు రోజుల సిమ్యులేషన్ శిక్షణపై సమీక్ష

మా నర్సింగ్ కళాశాలలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్న ఎనిమిది మంది విద్యార్థినులను వెంటబెట్టుకొని, కోస్తాలో ఒక వైద్య కళాశాలకు అనుబంధంగా, బొమ్మలతో, నటులతో ఆసుపత్రి సన్నివేశాలు కల్పించి నేర్పే సిమ్యులేషన్ కేంద్రానికి గత నెలలో వెళ్లాను. శిక్షణ రెండు రోజులు, రుసుము ఒక్కొక్కరికి రూ. 3,000, అందులోనే మధ్యాహ్న భోజనం కూడా. మా పిల్లలతో పాటు నలుగురు హౌస్ సర్జన్లు, నలుగురు ఫార్మ్‌ డి (మందుల వాడకంపై ప్రత్యేక కోర్సు) విద్యార్థులు, నలుగురు ఫిజియోథెరపీ విద్యార్థులు వచ్చారు. మొత్తం ఇరవై మందిని ఐదుగురు చొప్పున నాలుగు జట్లుగా చేశారు. ప్రతి జట్టులోనూ ఒక హౌస్ సర్జన్, ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు, మిగతా రెండు కోర్సుల నుంచి ఒక్కొక్కరు ఉన్నారు. ఇటువంటి శిక్షణకు తమ విద్యార్థులను పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న అధ్యాపకులకు, వెళ్లబోయే విద్యార్థులకు ఉపయోగపడుతుందని నేను చూసింది చూసినట్లు రాస్తున్నాను.

మన దగ్గర ఈ అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పాలి. ఎంబీబీఎస్‌కు జాతీయ వైద్య కమిషన్, నర్సింగ్‌కు భారత నర్సింగ్ మండలి, ఫార్మ్‌ డికి ఫార్మసీ కౌన్సిల్ వేర్వేరుగా పాఠ్యప్రణాళికలు నిర్ణయిస్తాయి. ఒకే ప్రాంగణంలో చదివి, ఒకే క్యాంటీన్‌లో తిని, ఒకే వార్డులో తిరిగే ఈ పిల్లలు కోర్సు పూర్తయ్యేదాకా ఒక్క తరగతిలోనైనా కలిసి కూర్చోరు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి మాత్రం ఒకే మంచం చుట్టూ నిలబడి ఒక్క మాటగా పని చేయాలని అందరూ ఆశిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన పత్రం ఈ రకమైన చదువును క్లుప్తంగా నిర్వచించింది: రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల వారు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవడం. ఈ మూడింటిలో నడిమిది, అంటే ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం, ఎంత కష్టమో ఈ రెండు రోజుల్లో నాకు అర్థమైంది.

మొదటి రోజు ఉదయం రెండు గంటలు స్లైడ్లతో ఇంగ్లీషు ఉపన్యాసం సాగింది. నోటితో ఊపిరి అందించడం నేర్పడానికి 1960లో నార్వేలో వచ్చిన రిససీ ఆన్ బొమ్మ గురించి, 1963లో హోవర్డ్ బారోస్ అమెరికాలో నటులకు రోగి పాత్ర ఇచ్చి వైద్య విద్యార్థులకు నేర్పిన పద్ధతి గురించి చెప్పారు. తెలుసుకోదగిన విషయాలే అయినా, వీటిని ముందే చదువుకొని రమ్మని పంపితే ఆ రెండు గంటలూ మంచం దగ్గర గడిచేవి.

అసలు శిక్షణ పదకొండు గంటలకు మొదలైంది. మా విద్యార్థినులు ఇద్దరున్న జట్టుకు కాన్పు తర్వాతి అధిక రక్తస్రావం సన్నివేశం వచ్చింది. ఇందుకు వాడింది నార్వేకు చెందిన లేర్డాల్ సంస్థ తయారుచేసే మామా నటాలీ. ఇది మంచం మీద పడుకోబెట్టే బొమ్మ కాదు, ఒక మనిషి తన పొట్ట మీద కట్టుకొనే పరికరం. కట్టుకొన్న మనిషే బిడ్డను బయటకు పంపగలదు, రక్తస్రావాన్ని పెంచగలదు, తగ్గించగలదు, గర్భసంచి గట్టిపడినట్లు చేయగలదు. అన్నిటికీ మించి, ఆమె మాట్లాడగలదు. ఆ పాత్ర వేసిన మహిళకు నాటకాల అనుభవం ఉందట. "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి, నా బిడ్డ ఏడ్చిందా, ఎవరూ చెప్పరేం" అని ఆమె మా పిల్ల చెయ్యి పట్టుకొన్నప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. వేలు నొక్కితే నాడి కొట్టుకొనే ఖరీదైన బొమ్మలు ఆ కేంద్రంలో ఇంకా ఉన్నాయి కానీ, ఆ తెలుగు మాట చేసిన పని వాటిలో ఏదీ చేయలేకపోయింది.

మాయ పడిపోయినా రక్తం ఆగలేదు. హౌస్ సర్జన్ గర్భసంచిని మర్దన చేస్తూ, అది గట్టిపడేందుకు ఇచ్చే మందు కోసం "సిస్టర్, ఆక్సిటోసిన్!" అన్నాడు. ఇద్దరు విద్యార్థినులూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు, రెండో ఆమె పెడుతుందని ఇద్దరూ అనుకొన్నారు, దాదాపు ఒక నిమిషం వృథా అయింది. ఆక్సిటోసిన్ ఇచ్చాక కూడా గర్భసంచి మెత్తగానే ఉండటంతో అతడు అదే పని చేసే మెథర్జిన్ ఇవ్వమన్నాడు. కేస్ షీటులో బీపీ 150/100 అని ఉంది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. కేస్ షీటు చేతిలో ఉన్న మా విద్యార్థిని ఆంపూల్ పట్టుకొని ఒక్క క్షణం ఆగి, "సర్, బీపీ..." అని తనకు మాత్రమే వినిపించేంత మెల్లగా అంది. తర్వాత ఇంజెక్షన్ ఇచ్చేసింది. అద్దం అవతలి గదిలో ఉన్న బోధకులు మానిటర్ మీద బీపీని 190/120కి పెంచారు, మంచం మీది తల్లి తల పగిలిపోతోందని కేక పెట్టింది. మొత్తం సన్నివేశం పన్నెండు నిమిషాలు.

దాని మీద చర్చ నలభై నిమిషాలు నడిచింది. వారు డీబ్రీఫింగ్ అనే ఈ చర్చ కోసమే ఆ కేంద్రానికి వెళ్లవచ్చు. దానిని ఒక ప్రసూతి వైద్యురాలు, ఒక సీనియర్ నర్సింగ్ అధికారి పక్కపక్కన కూర్చొని కలిసి నడిపారు. ఒకరు మాట్లాడుతుంటే రెండో వారు మధ్యలో అడ్డు రాకపోవడాన్ని పిల్లలు గమనించారని నా నమ్మకం. వీడియోను ఆ క్షణం దగ్గర ఆపి, "ఎందుకు చెప్పలేదు" అని కాకుండా "అప్పుడు నీ మనసులో ఏముంది" అని అడిగారు. "అనుమానం ఉంది కానీ, తప్పయితే అందరి ముందూ మాట పడాలని భయపడ్డాను" అని మా అమ్మాయి చెప్పింది. హౌస్ సర్జన్ కొంతసేపు తల దించుకొని, "నాకు వినిపించలేదు, వినిపించినా ఆగి ఉండేవాణ్నో లేదో చెప్పలేను" అన్నాడు. ఆ నిజాయితీకి అతడిని నేను మనసారా మెచ్చుకొన్నాను. అప్పుడు ఫార్మ్‌ డి విద్యార్థి నోరు విప్పాడు. మెథర్జిన్, రక్తపోటు సంగతి అతడికి పక్కాగా తెలుసు, కాని కేస్ షీటు అతడు చూడలేదు. బీపీ తెలిసిన మనిషి, మందు గురించి తెలిసిన మనిషి రెండు అడుగుల దూరంలో నిలబడ్డారు. ఆ తల్లికి కావలసిన జ్ఞానమంతా ఆ గదిలోనే ఉంది, ఇద్దరి మధ్య పంచుకోబడక ఉండిపోయింది.

ఆ తర్వాత బోధకులు చేసిన పని నాకు మరీ నచ్చింది. ఆందోళనను మూడు మెట్లలో చెప్పే ఒక అమెరికన్ పద్ధతిని ముందు ఇంగ్లీషులో చూపించి, దానిని ఎవరి నోటికి వచ్చే తెలుగులో వారిని చెప్పమన్నారు. "సర్, నాకు ఆందోళనగా ఉంది. ఈమె బీపీ 150 ఉంది. ఈ మందు ఇస్తే ప్రమాదం, దయచేసి ఆగండి." గౌరవం తగ్గకుండా, విషయం దాచకుండా చెప్పే ఈ మూడు వాక్యాలను ఒక్కొక్కరి చేత గట్టిగా అనిపించారు. ఇంగ్లీషు వాక్యం గొంతులో అడ్డుపడిన మా పిల్లలకు తెలుగులో అది సునాయాసంగా వచ్చింది. నేను లేబర్ రూములో పని చేసిన తొలి సంవత్సరాల్లో ఇలాంటి సందర్భంలోనే మాట మింగేశాను. ఆ రోజు ఒక సీనియర్ సిస్టర్ సమయానికి చూడబట్టి తల్లి క్షేమంగా ఇంటికి వెళ్లింది. ఆ మూడు వాక్యాలు నాకు ఎవరూ నేర్పలేదు.

భోజనం తర్వాత అదే జట్టుకు అదే తల్లిని మళ్లీ ఇచ్చారు, కేస్ షీటులో మాత్రం బీపీ బదులు ఆస్తమా రాశారు. ఈసారి హౌస్ సర్జన్ "సిస్టర్" అనలేదు, చొక్కా మీద అంటించిన పేరు చూసి పేరుతోనే పిలిచాడు. చెప్పిన మందునూ మోతాదునూ ఆమె తిరిగి పైకి పలికిన తర్వాతే ముందుకు కదిలాడు. ఆస్తమా ఉన్నవారికి పనికిరాని కార్బోప్రోస్ట్ ఇంజెక్షన్ ఇవ్వమనగానే మా అమ్మాయి స్పష్టంగా ఆపింది, ఫార్మ్‌ డి విద్యార్థి కారణం చెప్పాడు. ట్రేలో బయట పెట్టి ఉంచిన ఆక్సిటోసిన్ ఆంపూళ్లను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలని కూడా అతడే గుర్తు చేశాడు. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

రెండో రోజు పక్షవాతం సన్నివేశంలో ఫిజియోథెరపీ విద్యార్థిని తన సత్తా నిరూపించుకొంది. మూతి వంకర పోయిన రోగికి హౌస్ సర్జన్ మాత్ర మింగించబోతుంటే, మింగగలడో లేదో ముందు పరీక్షించాలని, లేకపోతే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆమె అడ్డుపడింది. అయితే ఆ రోగి పాత్రకు బొమ్మను వాడి, స్పీకరులో ఒక బోధకుడు ఇంగ్లీషులో జవాబులు చెప్పారు. మాట తడబడుతోందా లేదా అని పరీక్షించాల్సిన జబ్బులో రోగి స్పష్టమైన ఇంగ్లీషు మాట్లాడితే విద్యార్థులు ఏమి గమనించాలి? మొదటి రోజు నటి వంటి మనిషి ఇక్కడే ఎక్కువగా కావలసింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. ప్రసూతి సన్నివేశంలో ఫిజియోథెరపీ వారికి పని లేకపోయింది. గ్లవ్స్ అందిస్తూ నిలబడటానికి ఎవరూ రూ. 3,000 కట్టరు. సన్నివేశాలను ఎంపిక చేసేటప్పుడే అన్ని కోర్సులకూ నిజమైన బాధ్యత ఉండేలా చూసుకోవాలి. ఒక జట్టు లోపల ఉన్నప్పుడు తక్కిన పదిహేను మంది తెర మీద చూస్తూ కూర్చొన్నారు. వారికి ఏది గమనించాలో రాసిన కాగితం ఒకటి ఇచ్చి ఉంటే, చర్చలో వారి మాటా వినబడేది. గది, భోజనం, తాగునీరు బాగున్నాయి.

పెద్ద లోటు వేరే ఉంది. మన ఆసుపత్రుల్లో రోగిని మొదట చూసేది, ఎన్నో విషయాలు మొదట వినేది ఆయా, వార్డు బాయ్, 108 సిబ్బంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఇప్పుడు ప్రతి పల్లెకూ తెలిసిన పేరు. అంబులెన్సు తలుపు దగ్గర రోగిని అప్పగించే ఆ రెండు మూడు నిమిషాల్లోనే దారిలో ఇచ్చిన మందు, పోయిన రక్తం, ఇంట్లో వారు చెప్పిన పాత జబ్బు వంటి ఎన్నో వివరాలు జారిపోతాయి. జట్టుగా పనిచేయడం నేర్పే కేంద్రం ఆ జట్టులో సగం మందిని బయట ఉంచకూడదు.

వెళ్లాలనుకొనే కళాశాలలు ముందుగా కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవడం మంచిది. ఒక్కో జట్టులో ఎంతమంది ఉంటారు, డీబ్రీఫింగ్‌కు ఎంత సమయం ఇస్తారు, దానిని వైద్యులు ఒక్కరే నడుపుతారా లేక నర్సింగ్ వారూ కలిసి నడుపుతారా, ఒకసారి తప్పు చేసిన సన్నివేశాన్ని మళ్లీ చేసే అవకాశం ఉంటుందా. చివరి రెండింటికీ ఈ కేంద్రంలో మంచి జవాబే దొరుకుతుంది. నేను వచ్చే బ్యాచ్‌ను కూడా పంపుతున్నాను.

వెళ్లిపోయే ముందు 108 విషయం నిర్వాహకులకు చెబితే, సన్నివేశం రాసి ఇస్తే తప్పకుండా చేర్చుతామని అన్నారు. గత వారం రాసి పంపాను. పీహెచ్‌సీలో కాన్పయిన గంటకు రక్తస్రావంతో అంబులెన్సులో వచ్చిన తల్లి, దారిలో ఏం జరిగిందో చెప్పాలని తొందరపడుతున్న 108 టెక్నీషియన్, స్ట్రెచర్ తోస్తున్న ఆయా, ఆ ఇద్దరి మాటా వినవలసిన హౌస్ సర్జన్. సమయం ఐదు నిమిషాలు, తల్లి వేషానికి ఆ నాటకాల మహిళనే పిలవాలని అడిగాను.