మ్యోడ్లారాయిట్: వాగుకు అటొక రాష్ట్రం, ఇటొక రాష్ట్రం

ఒకప్పుడు తూర్పు, పశ్చిమ జర్మనీలను విడదీసిన గోడ చూడాలంటే అందరూ బెర్లిన్‌కే వెళ్తారు. జర్మనీలో ఉంటున్న మనవాళ్లు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఒక రోజు వీలు చేసుకుని మ్యోడ్లారాయిట్ కూడా చూడాలని నా గట్టి మాట. బవేరియా, తురింగియా రాష్ట్రాల హద్దు మీద యాభై మంది ఉండే పల్లె. బెర్లిన్‌లో గోడ చుట్టూ నగరం మారిపోయింది. ఇక్కడ ఇళ్లూ పొలాల మధ్యే గోడ ముక్క ఇంకా నిలబడి ఉంది. అది ఏ ఇంటిని ఏ ఇంటికి దూరం చేసిందో ఎవరూ వివరించక్కర్లేదు.

ఊరి మధ్య టాన్‌బాఖ్ వాగు. పిల్లలు కూడా గెంతి దాటేంత చిన్నది. 1810లో దాని వెంట హద్దురాళ్లు పాతారు: ఇటు బవేరియా రాజ్యం, అటు రాయిస్ సంస్థానం (ఇప్పటి తురింగియా వైపు). రాతి మీద ఒకవైపు ‘కె.బి.’, రెండోవైపు ‘ఎఫ్.ఆర్.’ అని, జర్మన్‌లో ఆ రెండిటి పేర్లకు పొడి అక్షరాలు చెక్కినవి వంగి చూస్తే కనిపిస్తాయి. ఏలినవాళ్లు ఇద్దరైనా ఊరు మాత్రం ఒక్కటే. బడి, బీరు తాగుతూ కబుర్లాడే హోటలు తురింగియా వైపు ఉండేవి. ఆరాధనకు మాత్రం అందరూ బవేరియా వైపున్న ట్యోపెన్ చర్చికే నడిచేవాళ్లు.

1945 తర్వాత ఆ పాత హద్దే అమెరికా, సోవియట్ సేనల మధ్య గీత అయింది. 1949లో పశ్చిమ, తూర్పు జర్మనీ అనే రెండు దేశాల సరిహద్దయింది. 1952లో తూర్పు జర్మనీవాళ్లు చెక్క కంచె వేశారు, నమ్మకం లేదనుకున్న కుటుంబాలను సరిహద్దు ప్రాంతం నుంచి బలవంతంగా తరలించారు. 1966లో 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తున కాంక్రీటు గోడ లేచింది. తూర్పు వైపు వాళ్లు పడమటి వైపుకు చెయ్యి ఊపడం కూడా నిషేధమే. నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఇదే. పక్కింటి అత్తయ్య కనబడుతుంటే పలకరించకూడదంటే ఎలా బతికారో! 1973లో ఒకాయన నిచ్చెన వేసుకుని గోడ దాటి తప్పించుకున్నాడు. బెర్లిన్ గోడ తెరుచుకున్న సరిగ్గా నెలకు, 1989 డిసెంబర్ 9న, ఇక్కడా మనుషులు నడిచేందుకు దారి ఇచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో గోడలో చాలా భాగం కూల్చి, కొంత ముక్కను మ్యూజియం కోసం ఉంచారు.

దేశం ఒక్కటైంది కానీ ఊరికి ఇప్పటికీ ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు, రెండు ఫోన్ కోడ్లు. ఒక ఇంటి కారు మీద బవేరియాలోని హోఫ్ జిల్లా ‘హెచ్.ఓ.’ నంబరు, వాగు దాటితే తురింగియాలోని జాలే-ఓర్లా జిల్లా ‘ఎస్.ఓ.కె.’. వాగు మీద నిలబడి ఈ తేడాలు వెతకడం మా పిల్లలకు భలే నచ్చింది. ఇప్పుడీ తేడాలు ఎవరినీ ఆపవు. అందుకే వాటిని చూస్తే బాధ వేయదు.

ఇక వసతుల సంగతి. మ్యూజియం చక్కగా ఉంది. గోడ, కాపలా బురుజు, కంచెలు ఆరుబయటే చూడొచ్చు. సమయాలు ముందే చూసుకుని వెళ్లండి. గోడ దగ్గర గాలి బాగా కొడుతుంది, ఎండాకాలంలోనూ స్వెట్టర్ దగ్గరుంచుకోండి. ఊళ్లో బసకు ఆశ పెట్టుకోవద్దు, హోఫ్ పట్నంలో దిగడం మేలు. న్యూరెంబర్గ్ నుంచి హోఫ్‌కు ప్రాంతీయ రైళ్లున్నాయి, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా ప్రాంతీయ రైళ్లకు చెల్లే నెల పాసు) చెల్లుతుంది. అక్కడి నుంచి బస్సులను నమ్ముకోకండి. పెద్దవాళ్లుంటే కారే హాయి, ఏ9 రహదారి దగ్గరే.

హోఫ్ వీధుల్లో ఇత్తడి పాత్ర కింద బొగ్గు రాజేసి వేడి వేడి సాసేజ్‌లు అమ్మేవాళ్లు ఉంటారు, అది ఆ ఊరి పాత అలవాటు. మాంసం తిననివాళ్లకు బంగాళాదుంప ఉండలు, సలాడే దిక్కు, పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత. హోఫ్ స్టేషన్‌లో కూడా కాసేపు ఆగండి. 1989 అక్టోబర్ 1న, ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్న తూర్పు జర్మన్లను తెచ్చిన రైళ్లు ఆగింది ఈ ప్లాట్‌ఫారాల మీదే. రెండూ కలిపి చూస్తేనే ఈ ప్రాంతం కథ పూర్తిగా అర్థమవుతుంది.