విజయవాడ కొండ మీద అద్దె ఇల్లు: ఏళ్ల తరబడి ఉన్నాక చెప్తున్న మాట

కొండ మీద ఇల్లు చూపించేవాళ్లు ఎప్పుడూ సాయంత్రం ఆరింటికే తీసుకెళ్తారు. అప్పటికి ఎండ తగ్గుతుంది, కృష్ణ మీంచి గాలి వస్తుంటుంది, ప్రకాశం బ్యారేజీ లైట్లు అప్పుడే వెలుగుతుంటాయి, అద్దె ఎంతో చెప్పగానే ఇంకేం అడగాలో కూడా మనకి గుర్తుకు రాదు. మీరు మాత్రం మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒకసారి, గట్టి వానలో ఇంకోసారి ఎక్కి చూడండి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. మేం 2015 చివర్లో వన్ టౌన్ వైపు కొండ మీద దిగాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

అప్పుడు రాష్ట్రం విడిపోయి ఆఫీసులన్నీ ఇటు వస్తున్నాయి, కింద బెజవాడలో అద్దెలు చుక్కలు చూపిస్తున్నాయి. పట్టపగలు లైటు వేసుకోవాల్సిన రెండు గదుల పోర్షన్‌కి 12 వేలు అడుగుతుంటే ఇక్కడ మొత్తం ఇల్లు ఆరున్నర వేలకి వచ్చింది. బంగాళా పెంకులు, నేలకి కడప బండలు, ముందు నలుగురు కాళ్లు చాపుకుని కూర్చునేంత అరుగు, పక్కన వేపచెట్టు. అరుగు మీద కూర్చుంటే కృష్ణ ఒక ముక్క, పెంకుటిళ్లు, డాబాలు, వాటి అవతల రైల్వే స్టేషన్ కనిపిస్తాయి. రాత్రి కరెంటు పోయినా కిటికీలు తీస్తే నిద్ర పడుతుంది, కాలువల పక్కన ఉండే మా చుట్టాలకి ఆ భాగ్యం లేదు, పైగా వాళ్లకి దోమలు ఫ్రీ. ఈ గాలి కోసమే ఇన్నేళ్లు ఉన్నాం అంటే అబద్ధం కాదు.

మనుషులు కూడా బాగుంటారు. దారి సన్నం కాబట్టి ఎవరింటికి వెళ్లాలన్నా మా అరుగు దాటే వెళ్లాలి, అందుకని పలకరింపు తప్పదు, పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తే మా ఇంట్లో అన్నం ఒక ముద్ద ఎక్కువ దిగుతుంది. ఎవరికీ ఏదీ రహస్యంగా ఉండదు. ఇది నచ్చేవాళ్లకి నచ్చుతుంది, నచ్చనివాళ్లు అపార్ట్‌మెంట్ చూసుకోవడం మంచిది.

ఇక మెట్లు. నూటికి పైగా ఉన్నాయి, అన్నీ ఒక ఎత్తులో ఉండవు, ఎవరింటి ముందు వాళ్లు ఎప్పుడో పోసుకున్న సిమెంటు. ఎక్కడం అలవాటైపోతుంది, నాకు పొట్ట కూడా తగ్గింది, కానీ సమస్య మనం ఎక్కడం కాదు, వస్తువులు ఎక్కడం. గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని తెచ్చే అబ్బాయికి బిల్లు కాక విడిగా ఇవ్వాలి, ఇవ్వాల్సిందే, అతని చొక్కా చూస్తే బేరమాడబుద్ధి కాదు. బియ్యం బస్తా, ఫ్రిజ్, బీరువా, అన్నిటికీ మోతకూలి విడిగా ఉంటుంది. మేం దిగినరోజు బీరువా పైకి చేర్చడానికి ఇచ్చింది సామాను లారీకి ఇచ్చినదానికంటే ఎక్కువ. బండి కింద ఒక కొట్టు పక్కన పెట్టుకుంటాం, దానికీ నెలకి ఇంత అని ఉంది. ఫుడ్ ఆర్డర్ పెడితే "అన్నా, కిందకి వస్తారా" అని ఫోను. మున్సిపల్ నీళ్లు పంపు కొట్టి ఎక్కించాలి కాబట్టి వచ్చే టైముకి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిందే, ఆ టైముకి కరెంటు పోతే ఆ పూట బిందెలు మోయడమే. ఇవన్నీ నెలకి లెక్క వేస్తే అద్దెలో మిగిలిందనుకున్న డబ్బులో పెద్ద ముక్కే పోతుంది, అయినా కింద కంటే తక్కువే, అది ఒప్పుకోవాలి.

డబ్బుతో తేలని ముక్క ఒకటుంది. మా అత్తయ్యకి ఒక రాత్రి ఆయాసం వచ్చింది. 108 రోడ్డు దాకానే రాగలిగింది, అక్కడినుంచి ఇద్దరు సిబ్బంది, పక్కింటి కుర్రాళ్లు, నేను కలిసి ఆవిణ్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించాం. మలుపు దగ్గర కుర్చీ తిరగదు, అక్కడ చేతుల మీద ఎత్తుకోవాలి. ఆవిడ కోలుకున్నారు, కానీ తిరిగి పైకి రానన్నారు, ఇప్పుడు తెనాలిలో మా బావమరిది దగ్గర ఉంటున్నారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు, గుండె జబ్బువాళ్లు, నెలలు నిండుతున్నవాళ్లు ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయండి, మీకు ఈ ఇల్లు వద్దు.

ఎండల సంగతి ఊరందరికీ తెలిసిందే, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. కొండ మీద దానికి తోడు రాయి. పగలంతా కాలిన బండ రాత్రి చాలాసేపటిదాకా పెనంలా సెగ కక్కుతుంది, గాలి వచ్చేది ముందువైపు కాబట్టి వెనక గది ఏప్రిల్, మే నెలల్లో సామాన్లకే. ఇల్లు చూసేటప్పుడు వెనక గోడ బండకి ఎంత దూరంలో ఉందో చూడండి. మాది మూరెడు దూరం.

ఆ బండే అసలు విషయం. అందరూ ఇంటి ముందు ఏం కనిపిస్తోందో చూస్తారు, ఇంటి వెనక ఏముందో చూడరు. మా వెనక బండలో నిలువుగా ఒక నెర్రె ఉంది, అందులో రావి మొక్క మొలిచింది, కొట్టేస్తాం, మళ్లీ వస్తుంది. వాన పడితే ఆ నెర్రెలోంచి నీళ్లు కారతాయి. ఇక్కడి పాతవాళ్లు చెప్పిన లెక్క ఏంటంటే, నీళ్లు తేటగా వస్తే పర్లేదు, ఎర్రగా మట్టి కలిసి వస్తే లోపల కదులుతోందని, ఆ రాత్రి ఆ గదిలో పడుకోకూడదు. మేం అదే పాటిస్తాం. పెద్ద పెద్ద బండలు మట్టి పట్టు మీదే ఆగి ఉన్నచోట ఆ మట్టి నానిపోతే ఇంక ఏదీ ఆపలేదు.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. మర్నాటికల్లా బుడమేరు వాగు సింగ్ నగర్ వైపు ముంచేసింది, ఆ తర్వాతి రోజు బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 1957లో అది కట్టింది మొదలు అంత వరద లేదు. సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లిల్లు కింది అంతస్తు మునిగిపోతే వాళ్లు పడవలో బయటపడి మా మెట్లెక్కి వచ్చారు. వాళ్లేమో "మీరు అదృష్టవంతులు, ఎత్తులో ఉన్నారు" అంటారు, మేమేమో వెనక గది ఖాళీ చేసి పిల్లలతో సహా అందరం ముందు గదిలో, అరుగు మీద సర్దుకున్నాం, మైకులో కొండవాలు ఇళ్లవాళ్లు ఖాళీ చేయాలని చెప్తున్నారు, ఖాళీ చేసి వెళ్లడానికి చుట్టాలందరూ నీళ్లలోనే ఉన్నారు. ఈ ఊళ్లో చవగ్గా దొరికే చోట్లలో కొన్ని నీళ్లకి దగ్గర, కొన్ని రాళ్లకి దగ్గర. మేం ఇంకా రాయి వైపే ఉన్నాం, ఎందుకంటే దాని నెర్రె రోజూ చూసుకోవచ్చు.

కొనుక్కునే ఆలోచన ఉన్నవాళ్లకి మాత్రం నా మాట గట్టిగా వద్దు అనే. కొండ మీద చాలా ఇళ్లకి ఉన్నది ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నోటరీ కాగితం. అవేవీ హక్కు పత్రాలు కావు, వాటిమీద బ్యాంకు లోను రాదు. కొందరికి పట్టా ఉంటుంది, కానీ ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ స్థలమైతే 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించింది, తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఏ రోజు ఇచ్చిన పట్టా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది, వకీలుకి చూపించాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల జాబితాలో, ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. "ఇక్కడ అందరూ ఇలాగే కొన్నారండీ" అనే మాట అబద్ధం కాదు, కానీ అది మీకు రిజిస్ట్రేషన్ చేయించదు.

అద్దెకైతే, కాళ్లు బాగున్న ఇద్దరు ముగ్గురికి, వర్క్ ఫ్రమ్ హోమ్ కాకపోయినా సరే, బేషుగ్గా ఉంటుంది. రోడ్డు నుంచి మొదటి ముప్పై నలభై మెట్ల లోపు దొరికితే అద్దె వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి. వెనక రిటైనింగ్ వాల్, అంటే కొండ మట్టి జారకుండా కట్టిన గోడ, ఉంటే దానికి నీళ్లు బయటికి పోయే తూములు ఉన్నాయా, వాటిలో మట్టి నిండిపోయి ఉందా చూడండి. తూముల్లేని గోడ కంటే గోడ లేకపోవడమే నయం, కనీసం ఏం జరుగుతోందో కనిపిస్తుంది. దసరా పది రోజులూ, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, కింద ట్రాఫిక్ మళ్లిస్తారు, బండి బయటికి తీయలేరు, సరుకులు ముందే తెచ్చుకోవాలి.

మా ఓనరుగారు మొన్న ఇల్లు మాకే అమ్ముతానన్నారు, నోటరీ మీద. వద్దన్నాం. అద్దె మాత్రం వచ్చే నెల నుంచి ఐదొందలు పెంచారు, వెనక గది పెంకులు మార్పించి ఇస్తేనే ఇస్తామని చెప్పి ఉన్నాం.